చతుర్‌ని చూసి మేమెందుకు నవ్వాం?

మా మేనల్లుడు ఈ ఏడు బీటెక్‌లో చేరాడు. మొదట్లో పాఠాలుండవట, ఇండక్షన్ ప్రోగ్రాం అట. ఒక మధ్యాహ్నం అందరినీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి ‘3 ఇడియట్స్’ సినిమా వేశారని ఫోన్లో చెప్పాడు.

“ఆ స్పీచ్ సీన్‌కి హాలంతా పడీ పడీ నవ్విండ్రు మామా.”

“నువ్వు?”

“నవ్విన. అందరు నవ్వుతుంటే నవ్వకుంటే ఎట్లుంటది?”

ఆ రాత్రి నేనూ ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని చూశాను. 2009 డిసెంబరులో విడుదలైన సినిమా అది. నేను ఇంజనీరింగ్ ఫస్టియర్లో ఉన్నప్పుడు, హాస్టల్లో ఒకరి కంప్యూటర్ చుట్టూ పన్నెండు మందిమి మూగి చూశాం. అప్పుడు కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఈసారి ఆ సీన్ దగ్గర నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో వెతుక్కుంటే, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం గురించి మనం చెప్పుకుంటూ వచ్చిన కథలన్నిటి మీదా అనుమానం కలిగింది. ఈ వ్యాసం ఆ అనుమానం గురించే.

ముందు ఆ సీను. చతుర్ రామలింగం ఉగాండాలో పుట్టి పాండిచ్చేరిలో చదివిన కుర్రాడు. హిందీ సరిగా రాదు. టీచర్స్ డే నాడు, మంత్రిగారి ముందు, హిందీలో ఉపన్యాసం ఇవ్వాలి. లైబ్రరీ ఉద్యోగి చేత మంచి గ్రాంథిక హిందీలో రాయించుకుంటాడు. అర్థం తెలియకుండానే బట్టీ పడతాడు. హీరో రాంచో ఆ కాగితంలో కొన్ని మాటలు మార్చేస్తాడు. చతుర్ వేదిక మీద నిలబడి, తాను ఏం మాట్లాడుతున్నాడో తెలియకుండా బూతు మాట్లాడతాడు. హాలు పగలబడి నవ్వుతుంది. చప్పట్లు తనకే అనుకుని అతను ఇంకా ఉత్సాహంగా చదువుతాడు. మార్చిన ఆ మాట అత్యాచారానికి సంబంధించింది, దాన్ని హాస్యం చేయడం ఏమిటని తర్వాతి కాలంలో చాలామంది ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్న. కానీ ఆ సీన్లో ఇంకొక క్రూరత్వం ఉంది. దాన్ని నాతో సహా ఎవరం పెద్దగా పట్టించుకోలేదు.

అది చెప్పాలంటే నా ఫస్టియర్ కొంచెం చెప్పాలి.

*

మాది దేవరకొండ వైపు ఒక ఊరు. పది దాకా తెలుగు మీడియం, ఇంటర్ కూడా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియమే. తెలుగు అకాడమీ పుస్తకాలు. లెక్కల్లో నేను గట్టివాణ్ణే. 2009లో ఎంసెట్ ర్యాంకుకి హైదరాబాదు శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. అప్పటికి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి ఏడాది దాటింది. నాలాంటివాళ్ళు, అంటే ఇంట్లో మొట్టమొదట ఇంజనీరింగ్ అనే మాట పలికినవాళ్ళు, వేలల్లో ఆ ఏడు కాలేజీల మెట్లెక్కారు. ట్యూషన్ ఫీజు ప్రభుత్వానిది. హాస్టలూ మెస్సూ మా నాయినవి.

మొదటి వారం ఎం-వన్ క్లాసులో లెక్చరర్ బోర్డు మీద రాస్తున్నది నాకు తెలిసిన లెక్కే. కానీ ఆయన నోటి నుంచి వస్తున్నది నాకు తెలియని లెక్క. మాత్రికలు, నిర్ధారకాలు, అవధులు, అవకలనం, సమాకలనం అన్నీ నాకు తెలుసు. మాట్రిక్స్, డిటర్మినెంట్, లిమిట్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ తెలియవు. గుర్తులు చూసి పోల్చుకునేలోపు ఆయన బోర్డు తుడిచేసేవాడు. ర్యాంకు తెచ్చుకున్న తల ఒకటి, క్లాసులో కూర్చున్న తల ఇంకొకటి అన్నట్టుండేది.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో జరిగింది ఇప్పటికీ మర్చిపోలేను. బల్ల మీద షీటు, దానికి బిగించిన మినీ డ్రాఫ్టర్, చేతిలో టూహెచ్ పెన్సిలు. డైరెక్ట్రిక్స్ నుంచి ఫోకస్ యాభై మిల్లీమీటర్ల దూరంలో ఉంది, ఎక్సెంట్రిసిటీ రెండు బై మూడు, కర్వ్ గీయండి అన్నారు. ఆ మూడు మాటల్లో ఒక్కటీ నాకు తెలియదు. పక్కవాడి షీటు చూస్తూ చుక్కలు పెట్టాను. చుక్కలు కలుపుతూ ఉంటే గీత వంపు తిరిగింది. అప్పుడు వెలిగింది. ఇది దీర్ఘవృత్తం. ఆ నిలువు గీత నియతరేఖ. ఆ చుక్క నాభి. రెండు బై మూడు ఉత్కేంద్రత. ఒకటి కంటే తక్కువ కనుక దీర్ఘవృత్తమే అవుతుంది, ఇంకోటి అవడానికి వీల్లేదు. ఇంటర్లో దీని మీద సమీకరణాలన్నీ నిద్రలో కూడా చెప్పేవాణ్ణి. పక్కవాడికి చెప్పాలనిపించింది. కానీ ఏ మాటల్లో చెప్పాలి? ‘ఉత్కేంద్రత’ అంటే క్లాసు నవ్వుతుందని అప్పటికే తెలుసు. నోరు మూసుకున్నాను.

ఆ నోరు ఏడాది పాటు మూసుకునే ఉంది. ఏం చేశానంటే, బట్టీ పట్టాను. డెఫినిషన్లు బట్టీ, డెరివేషన్లు బట్టీ. సీ ప్రోగ్రాములు కూడా సెమీకోలన్లతో సహా బట్టీ. ప్రైమ్ నంబరు ప్రోగ్రాము అడిగితే రాసేవాణ్ణి, దాన్ని కాస్త తిప్పి అడిగితే కాగితం ఖాళీ. మా యూనివర్సిటీలో అప్పుడు ఫస్టియరంతా కలిపి ఏడాది చివర ఒకటే పరీక్ష. డెబ్బై అయిదుకి ఇరవై ఆరు వస్తే గట్టెక్కినట్టు. ఎం-వన్‌లో నాకు పందొమ్మిది వచ్చాయి. లెక్కల్లో ఫెయిలయ్యానని ఇంట్లో చెప్పలేదు. “ఎట్లుంది చదువు?” అని నాయిన అడిగితే “మంచిగనే ఉంది” అన్నాను.

మా రూములో కిటికీ పక్క మంచం అబ్బాయిదీ నా కథే, ఇంకాస్త కష్టంగా. ఇంగ్లిష్ ల్యాబ్‌లో ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడాలి, జామ్ అంటారు. వాడు గ్లోబల్ వార్మింగ్ మీద పద్ధతిగా రాసుకుని, రెండు రాత్రులు వరండాలో తిరుగుతూ బట్టీ పట్టాడు. క్లాసులో మూడో వాక్యం దగ్గర ఒక మాట జారిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. మూడోసారి మొదలుపెట్టేసరికి క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. వాడితోపాటు వరండాలో తిరిగిన నేను, నా వంతు వచ్చేవారం ఉందని తెలిసిన నేను. నవ్వకపోతే నేనూ వాడి వైపే అని తెలిసిపోతుందని భయం.

సంక్రాంతికి ఇంటికెళ్ళినవాడు తిరిగి రాలేదు. కారణం ఆ నవ్వొక్కటే అనను. డబ్బుల ఇబ్బందులున్నాయి, ఆ నెలల్లో ఉద్యమం, బందుల వల్ల క్లాసులు సరిగా జరగలేదు, ఇంట్లో ఇంకేవో ఉండి ఉంటాయి. ట్రంకు పెట్టె వాళ్ళ నాయిన వచ్చి తీసుకుపోయాడు. ఆయన మాతో ఎక్కువ మాట్లాడలేదు.

తర్వాత కొన్ని వారాలకే మేం ‘3 ఇడియట్స్’ చూశాం. నాకు హిందీ రాదు. సబ్‌టైటిల్స్ చదివేంత వేగమూ లేదు. పాతబస్తీలో పెరిగిన క్లాస్‌మేటు ఒకడు జోకులు తెలుగులో చెప్తుంటే, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాణ్ణి. హిందీ రాని నేను, హిందీ రాని చతుర్‌ని చూసి, ఇంకొకడు అనువాదం చేస్తే నవ్వాను. ఇది నాకు తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది.

*

సినిమాకి అన్యాయం చేయకూడదు. రాజ్‌కుమార్ హిరానీ చెప్పదలచుకున్నది మంచి మాటే. చదువంటే కంఠతా కాదు, అర్థం చేసుకోవడం. స్పీచ్ సీన్‌కి కథలో ఉన్న పని కూడా అదే. భయంతో చతుర్ గదిలోకి మకాం మార్చిన రాజుకి, బట్టీ చదువు ఏ గతి పట్టిస్తుందో చూపించడం. తమిళంలో శంకర్ దీన్నే ‘నన్బన్’గా తీశాడు, అది 2012లో ‘స్నేహితుడు’ పేరుతో తెలుగులోకీ వచ్చింది. ఇంత ఆదరణ ఊరికే రాదు. మార్కుల యంత్రాల్లోంచి బయటికొచ్చిన లక్షల మంది పిల్లలకి అది ఊపిరి పీల్చుకోవడం లాంటిది.

నా అభ్యంతరం వేరు. సినిమా బట్టీని ఒక దుర్గుణంగా చూస్తుంది. చతుర్ స్వార్థపరుడు, ఈర్ష్యాపరుడు, అందుకే బట్టీ పడతాడన్నట్టు అల్లారు. బట్టీ ఎప్పుడు పుడుతుంది అనే ప్రశ్న వేసుకోలేదు. భాష లేని చోట బట్టీ పుడుతుంది. అర్థమయ్యే భాషలో చెప్తే బట్టీ పట్టాల్సిన అవసరం సగం పోతుంది. భాష రానివాడికి బట్టీ బద్ధకం కాదు, వాగు దాటడానికి వేసుకున్న తాటిమొద్దు. అది మంచి వంతెన కాదు. జారుతుంది, నేను జారాను కూడా. కానీ తాటిమొద్దు మీద నడుస్తున్నవాణ్ణి చూసి నవ్వేముందు, ఇక్కడ వంతెన ఎందుకు లేదని అడగాలి కదా.

ఇంకొక సీను చూడండి. క్లాసులో ప్రొఫెసర్ యంత్రం అంటే ఏమిటని అడుగుతాడు. రాంచో మామూలు మాటల్లో, చేతులు తిప్పుతూ, ప్యాంటు జిప్పుని కూడా ఉదాహరణగా చూపిస్తూ చెప్తాడు. ప్రొఫెసర్‌కి నచ్చదు. చతుర్ పుస్తకంలో ఉన్న ఇంగ్లిష్ నిర్వచనం గడగడా అప్పజెప్తాడు, మెప్పు పొందుతాడు. బయటికి పొమ్మన్న రాంచో, మర్చిపోయిన పుస్తకం కోసం వెనక్కొచ్చి, ‘పుస్తకం’ అనే మాటకి బదులు దాని నిర్వచనాన్ని అంతకంటే గంభీరమైన ఇంగ్లిష్‌లో చెప్పి ప్రొఫెసర్‌ని గుక్క తిప్పుకోనివ్వడు. మేం ఈలలేశాం. ఇప్పుడు చూస్తే అక్కడ గెలిచింది అర్థం చేసుకున్న చదువు ఒక్కటే కాదు. రెండు భాషలూ చేతిలో ఉన్నవాడు గెలిచాడు. ఇష్టమైతే ఇంటి భాషలో చెప్పగలడు, కావలసి వస్తే పుస్తకం భాషలో వెటకారమూ చేయగలడు. సరళంగా చెప్పే హక్కు కూడా కష్టంగా చెప్పగలిగినవాడికే దక్కుతుంది. నేను డ్రాయింగ్ క్లాసులో దీర్ఘవృత్తం గురించి నా మాటల్లో చెప్పి ఉంటే నన్ను రాంచో అనేవారా? తెలుగు మీడియం అనేవారు.

పైగా రాంచో కథలో తోటమాలి ఇంట్లో పెరిగిన అనాథ. దొరగారి కొడుకు పేరు మీద చదువుతున్నవాడు. అంటే ఫస్టియర్లో అందరికంటే ఎక్కువ భయపడాల్సినవాడు. ఆ భయం ఒక్క సీన్లోనూ లేదు. మొదటి రాత్రి ర్యాగింగ్ చేయబోయిన సీనియర్‌కి కరెంటు షాకిచ్చి హాస్టల్లో అడుగుపెడతాడు. పేదవాడి తెలివిని సినిమా తీసుకుంది, పేదవాడి తడబాటుని వదిలేసింది. ఆ తడబాటంతా చతుర్ నెత్తిన పెట్టి నవ్వించింది.

*

మన తెలుగు సంగతి చూద్దాం. ఇంజనీరింగ్ అనగానే ‘హ్యాపీ డేస్’. 2007 అక్టోబరులో వచ్చింది, నేను ఇంటర్ మొదటేడు. దేవరకొండలో చూసి, కాలేజీ అంటే అదే అనుకుని పెట్టె సర్దుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. శేఖర్ కమ్ముల తెచ్చిన తేడా చిన్నది కాదు. ఫైట్లు చేసే ముప్పై అయిదేళ్ళ విద్యార్థి హీరోల మధ్య, నిజంగా ఆ వయసు పిల్లల్లా కనిపించే ఎనిమిది మందిని పెట్టి, వాళ్ళు మాట్లాడుకునే మాటలు మాట్లాడించాడు. మిక్కీ జె. మేయర్ పాటలు వింటే ఇప్పటికీ హాస్టల్ మెట్లు గుర్తొస్తాయి, మా హాస్టల్లో అలాంటివేవీ జరగకపోయినా.

కానీ అందులో ఫస్టియర్ ఎక్కడుంది? ర్యాగింగ్‌లో ఉంది. ఆ ర్యాగింగ్ కూడా స్నేహానికీ ప్రేమకీ తీసిన తలుపు. రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. పదేళ్ళ తర్వాత వచ్చిన సినిమాలో అది తీపి జ్ఞాపకం. ఇక క్లాసు గది అంటే నాకు గుర్తున్నది శ్రేయ మేడం, ఆవిడ మీద రాజేష్ మనసు పారేసుకోవడం. ఆవిడ ఏం చెప్తోందో, అది వెనక బెంచీలో ఎవరికి అర్థం కావట్లేదో సినిమాకి పట్టలేదు. ఆ ఎనిమిది మందిలో భాష అడ్డమొచ్చినవాళ్ళెవరూ లేరు. ఆడపిల్లల హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు, లోపల వాళ్ళ మొదటి ఏడాది ఎలా గడుస్తుంది అన్నది సరేసరి.

ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో వెలిశాయి. ప్రతి వీధిలో ఒక బీటెక్ ఉన్న సమాజం మనది. అయినా మొదటి ఏడాది మన కథల్లో ముందుమాటగానే మిగిలిపోయింది. అసలు కథ రెండో ఏడు ప్రేమతోనో, నాలుగో ఏడు ఉద్యోగంతోనో మొదలవుతుంది. ఆ ముందుమాటలోనే రాలిపోయినవాళ్ళు కథలోకి రానేరారు. కిటికీ పక్క మంచం అబ్బాయి ఏ సినిమాలో ఉన్నాడు?

*

ఇంజనీరింగ్ గురించి కాని రెండు పుస్తకాల్లో నాకు నా ఫస్టియర్ దొరికింది.

ఒకటి మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’. మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయలుదేరిన కుర్రాడు అడుగడుగునా నవ్వులపాలవుతాడు. మద్రాసులో ముచ్చటపడి కొనుక్కున్న టోపీ ఆడవాళ్ళదని తెలియక నెత్తిన పెట్టుకుంటాడు. ఇదీ తెలియనివాణ్ణి చూసి నవ్వించడమే. మరి చతుర్‌కీ పార్వతీశానికీ తేడా ఏమిటి? పార్వతీశం కథ పార్వతీశమే చెప్తున్నాడు. టోపీ పెట్టుకున్నవాడూ, ఆ టోపీ సంగతి తెలిసి నవ్వుతున్నవాడూ ఒక్కడే. మనం వాడితో కలిసి నవ్వుతాం. చతుర్ విషయంలో, వాడికి తప్ప అందరికీ తెలిసిన జోకు అది. మొదటి రకం నవ్వు మనిషిని ఒడ్డు చేరుస్తుంది, రెండో రకం నవ్వు పెట్టె సర్దిస్తుంది.

రెండోది నవీన్ ‘అంపశయ్య’. 1969లో వచ్చింది, ఆ నవల పేరే ఆయన ఇంటిపేరైంది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. వాడు ఫస్టియరు కాదు, ఇంజనీరింగూ కాదు. కానీ ఊరి నుంచి వచ్చి యూనివర్సిటీలో నిలబడలేకపోతున్న మనసు లోపల ఎంత రొద ఉంటుందో ఆ నవల వినిపిస్తుంది. డబ్బు బెంగ, చదువు బెంగ, ఇంటివాళ్ళని మోసం చేస్తున్నానేమోనన్న బాధ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. చైతన్య స్రవంతి శిల్పం గురించి ఈ నవల మీద చాలా చర్చ జరిగింది. నా మట్టుకు అది శిల్పం ప్రశ్న కాదు. బయట నోరు పెగలనివాడికి లోపల ఎన్ని మాటలుంటాయో చూపించడానికి ఇంకో దారి లేదు. క్లాసులో మౌనంగా కూర్చున్నవాడు ఏమీ తెలియనివాడని ‘అంపశయ్య’ చదివినవాళ్ళెవరూ అనుకోలేరు.

ఈ రెండిటినీ కలిపితే, మన భాషలో ఇంకా రాని పుస్తకం ఒకటి లీలగా కనిపిస్తుంది. పార్వతీశంలా తన మీద తాను నవ్వుకోగలిగి, రవిలా లోపలి రొదని దాచకుండా చెప్పే ఒక ఇంజనీరింగ్ ఫస్టియర్ కథ. దాన్ని చతుర్ వైపు నుంచి రాయాలి. 2021-22 నుంచి తెలుగులో కూడా బీటెక్ చెప్పుకోవచ్చని ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది. మంచిదే. అయితే తెలుగులో చెప్పించుకోవడం చిన్నతనం అని నమ్మించిన నవ్వు అలాగే ఉంటే, ఆ సీట్లలో ఎవరు ధైర్యంగా కూర్చుంటారు? ఆ నవ్వుని ప్రశ్నించడం ప్రభుత్వ ఉత్తర్వు వల్ల కాదు. కథలూ సినిమాలూ చేయాల్సిన పని అది.

నేనెలా బయటపడ్డానంటే, పెద్ద విశేషమేమీ లేదు. వేసవిలో ఇంటి నుంచి తెలుగు అకాడమీ పుస్తకాలు హాస్టల్‌కి మోసుకొచ్చాను. ఒక పొడుగు నోటుబుక్కులో మధ్యకి గీత కొట్టి, ఒకవైపు తెలుగు మాట, ఇంకోవైపు ఇంగ్లిష్ మాట రాసుకుంటూ పోయాను. నలభై పేజీలైంది. సప్లిమెంటరీలో ఎం-వన్ పాసయ్యాను. ఆ నోటుబుక్కు ఒక్క నవంబరు ముందు రాసుకుని ఉంటే కిటికీ పక్క మంచానికి కూడా పనికొచ్చేది.

మొన్న ఆదివారం మేనల్లుడికి ఫోన్ చేశాను. సినిమా సంగతి ఎత్తకుండా, డ్రాయింగ్ మొదలైందా అని అడిగాను. మొదలైందన్నాడు. క్లాసులో ఇద్దరు ముగ్గురు తెలుగు మీడియం వాళ్ళున్నారట, అసలేమీ మాట్లాడరట. నా పందొమ్మిది మార్కుల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఇన్నేళ్ళూ. వాడికి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

“లెక్కల్ల నువ్వు ఫెయిలయినవా మామా?” అన్నాడు.

“అయిన” అన్నాను. “ఆ మాట్లాడనోళ్ళ పక్కన ఒకసారి కూసొని చూడు.”